నాణేల బావి చప్పుడు

ఆ సైన్సు మ్యూజియంలో చీకటి పడ్డాక కింది హాల్లోకి ఎవరూ ఒంటరిగా వెళ్ళరు.

ఊడ్చే ఆడవాళ్ళు ఇద్దరిద్దరుగా వెళ్తారు. కరెంటు పని చేసేవాడు బల్బు మార్చాలంటే పగలే పిలవమంటాడు. రాత్రి కాపలా ముసలాయన గేటు పక్క గదిలోంచి కదలనే కదలడు. ఎందుకని అడిగితే అందరిదీ ఒకటే మాట — "అక్కడ బావి ఉంది కదండీ."

బావి అంటే నీళ్ళ బావి కాదు. నల్లటి పెద్ద గరాటు. మూడు మూరల వెడల్పు, నడుమెత్తు. అంచు మీద నాణెం నిలబెట్టి వదిలితే అది గుండ్రంగా తిరుగుతూ, లోపలికి దిగేకొద్దీ వేగం పెంచుకుంటూ, చివరికి నడిమధ్య చిల్లులోంచి కింద పెట్టెలో పడుతుంది. గ్రహాలు సూర్యుడి చుట్టూ ఎలా తిరుగుతాయో పిల్లలకి చూపించడానికి పెట్టారు. పడిన డబ్బు సైన్సు వ్యానుకి. ఆ వ్యాను ఊరి చివర ఇరవై రెండు బళ్ళకి టెలిస్కోపూ మైక్రోస్కోపూ తీసుకెళ్తుంది. ఆ పిల్లల దగ్గర పైసా తీసుకోదు.

పగలు నాణెం తిరుగుతుంటే పిల్లలు చప్పట్లు కొడతారు. కానీ తలుపులన్నీ తాళాలు వేసి, దీపాలార్పి, లోపల మనిషన్నవాడు లేనప్పుడు అదే చప్పుడు వస్తే…

గర్ర్ర్… గర్ర్ర్ర్… గిర్ర్ర్ర్ — ఠంగ్.

ఆ భవనం కట్టేటప్పుడు గుమ్మటం మీంచి ఒక తాపీమేస్త్రీ జారి పడ్డాడట. ఆ వారం కూలి అప్పుడే జేబులో వేసుకున్నాడట. నాణేలన్నీ చెల్లాచెదురైపోయాయి. ఇప్పటికీ రాత్రిపూట వచ్చి ఒక్కొక్కటే ఏరుకుని లెక్క చూసుకుంటాడని కాపలా ముసలాయన చెప్తాడు. ఆయన చూశాడా అంటే చూడలేదు. విన్నాడు.

ఇదంతా నాకు చెప్పింది మా బావ, మా అక్క భర్త. ఆ మ్యూజియంలో లెక్కలు రాస్తాడు. ఇంట్లో అగ్గిపెట్టె ఎన్నాళ్ళు వచ్చిందో కూడా కాగితం మీద పెట్టే మనిషి. దెయ్యాలంటే నమ్మకం లేదు. మనుషుల మీద అంతకంటే లేదు.

"బాబూ, నిన్న కూడా మోగింది," అన్నాడు ముసలాయన ఒకరోజు పొద్దున్నే. "ఇరవై ముప్ఫైసార్లు మోగింది. నా బదులు ఇంకెవర్నైనా పెట్టుకోండి బాబూ, నేనుండను."

"ఎప్పట్నించి మోగుతోంది తాతా?"

"దగ్గర దగ్గర ఏడాదిగా."

"ఏడాదిగా వింటూ ఇప్పుడా చెప్తున్నావు?"

"చెప్తే తాగొచ్చాననుకుంటారని…"

బావ నవ్వి ఊరుకున్నాడు. కానీ ఆ సాయంత్రం మ్యూజియం మూశాక ముసలాయన్ని పక్కన నిలబెట్టుకుని పెట్టె తెరిచాడు. ఉన్నదంతా తీసేసి, ఖాళీ పెట్టెకి తాళం వేసి, తాళంచెవి ఇంటికి పట్టుకెళ్ళాడు.

పొద్దున్నే వచ్చి తెరిచాడు.

ముప్ఫై నాణేలు.

అన్నీ ఇరవై రూపాయల నాణేలే. అన్నీ కొత్తవే… బ్యాంకు లోంచి నేరుగా వచ్చినట్టు మెరుస్తున్నాయి. పిల్లలు వేసేవి అలా ఉండవు. అరిగిపోయి, చెమటపట్టి, ఒక్కోటి చాక్లెట్ అంటుకుని ఉంటాయి.

రెండో రోజు చూశాడు. ముప్ఫై. మూడో రోజూ ముప్ఫై.

ఇంత కచ్చితంగా లెక్కపెట్టే దెయ్యం ఉండదు అనుకున్నాడు బావ. ఇది మనిషే. ఎవరో కూడా అతనికి తెలిసిపోయింది. తెలిసిందనుకున్నాడు.

ఇక్కడ వ్యాను టీచరమ్మ సంగతి చెప్పాలి.

వ్యాను నడిపేదీ, బళ్ళలో పిల్లలకి చూపించి చెప్పేదీ ఆవిడే. ఏటా జరిగే ఆడిట్ కోసం పాత కాగితాలు సర్దుతుంటే బావకి ఒక వోచరు కనపడింది. నిరుటిది. 'వ్యాను ఇంజను మరమ్మతు — లక్షా ఎనభై వేలు' అని కంప్యూటర్లో కొట్టి ఉంది. కింద ఆవిడ సంతకం. మరమ్మతు చేసిన షెడ్డు బిల్లు లేదు. ఆ నెల బావ కామెర్లతో మంచంలో ఉన్నాడు కాబట్టి అప్పుడు చూడలేదు. వెంటనే షెడ్డుకి వెళ్ళి అడిగాడు.

"ఆ ఇంజను నేను ముట్టుకుని మూడేళ్ళయింది సార్," అన్నాడు మెకానిక్.

ఆవిణ్ణి పిలిచి అడిగితే తడుముకోకుండా చెప్పింది. "సంతకం నాదే. నేను పెట్టినప్పుడు మాత్రం అది ఖాళీ కాగితం."

ఖాళీ వోచర్ల మీద ఎందుకు పెట్టింది? వ్యాను ఆరింటికి బయల్దేరుతుంది, ఆఫీసు పదింటికి తెరుస్తారు. డీజిల్ డబ్బులు ముందురోజే ఇచ్చేస్తారు. రోజూ సంతకం కోసం ఆగలేక, ఒకేసారి కట్ట మొత్తం మీద సంతకాలు చేసి ఇచ్చేసింది. అలా చెయ్యమని చెప్పిందెవరు? మా బావే. ఆ మాట మాత్రం ఆరోజు అతని నోటి వెంట రాలేదు.

వచ్చిన మాట వేరే. వరండాలో, ఊడ్చేవాళ్ళ ముందు, టికెట్లిచ్చే అమ్మాయి ముందు, అటు వచ్చిన రెండు బళ్ళ పిల్లల ముందు గొంతెత్తి అన్నాడు — "పిల్లల డబ్బు తిన్న దొంగవి నువ్వు!"

ఆవిడ దగ్గర తాళంచెవులు లాక్కున్నారు. వ్యాను మూలపడింది. పదకొండు రోజులైంది. సోమవారం పది గంటలకి ట్రస్టీల సమావేశం. ఆవిణ్ణి ఉద్యోగంలోంచి తీసేసి పోలీసులకి అప్పజెప్పాలన్నది అక్కడ తేలుతుంది.

ఇప్పుడీ నాణేలు. బావకి లెక్క సరిగ్గా కుదిరింది. తిన్న డబ్బు తిరిగి పెడుతోంది! భయంతో, ముప్ఫై ముప్ఫైగా. తెల్లారకుండా సామాను ఎక్కించడానికి వెనక తలుపు తాళంచెవి ఆవిడ దగ్గర ఉండేది. దానికి ఇంకోటి చేయించుకునే ఉంటుంది.

"దొంగైతే పట్టుకుపోవాలి గానీ వేసిపోవడమేమిటి?" అంది మా అక్క. "అలాంటి దొంగెవరైనా మనింటికి కూడా వస్తే బాగుణ్ణు, వంటింటి కిటికీ తీసే ఉంచుతాను."

"నీకన్నీ వేళాకోళాలే. రేపు మీటింగుకి రుజువు కావాలి. ఈ రాత్రి చేత్తో పట్టుకుంటాను."

"పట్టుకో. కానీ ఆవిడే అని ముందే రాసిపెట్టుకుని వెళ్ళకు."

ఆ మాట బావ చెవికెక్కలేదు.

ఆదివారం రాత్రి తొమ్మిదింటికి బావ హాల్లో దాక్కున్నాడు. మనుషులు నడిచి వెళ్ళేటంత పెద్ద గుండె బొమ్మ ఒకటి ఉంది అక్కడ. దాని కుడి గదిలో ముడుచుకుని కూర్చున్నాడు. చేతిలో టార్చి. ఎదురుగా పది అడుగుల్లో బావి.

ముసలాయన బయట తాళం వేశాడు. దీపాలారిపోయాయి.

పది… పదిన్నర…

పగలు బొమ్మలుగా కనపడేవి చీకట్లో బొమ్మల్లా ఉండవు. అస్థిపంజరం దవడ కాస్త తెరుచుకున్నట్టుంది. ఎక్కడో ఇనుము చల్లబడి 'టిక్' మంది. బావ చొక్కా వీపుకి అంటుకుపోయింది.

పదకొండు.

వెనక తలుపు తెరుచుకోలేదు. అడుగుల చప్పుడు లేదు. హాల్లోకి ఎవరూ రాలేదు.

గర్ర్ర్ర్…

బావ ఊపిరి బిగబట్టాడు. నాణెం తిరుగుతోంది. గర్ర్ర్… గర్ర్ర్ర్… వేగం పెరుగుతోంది… గిర్ర్ర్ర్ —

ఠంగ్.

టార్చి వేశాడు. బావి దగ్గర ఎవరూ లేరు.

బావి చుట్టూ ఎవరూ లేరు. కింద ఎవరూ లేరు. హాలంతా తిప్పి చూశాడు… ఎవరూ లేరు.  

అతను చూస్తుండగానే రెండో నాణెం అంచు మీదికి వచ్చి తిరగడం మొదలెట్టింది. దాన్ని పట్టుకున్న చెయ్యి లేదు.

పారిపోయేవాడే. కానీ లెక్కలు రాసేవాడికి ఒక జబ్బు ఉంటుంది. రాబడి ఎక్కణ్ణించి వచ్చిందో తెలియకపోతే నిద్ర పట్టదు. టార్చి కాస్త పైకెత్తాడు.

అంచు దగ్గర రెండు వేళ్ళ వెడల్పు గొట్టం. స్తంభం వెంట పైకి పాకి… కప్పులోకి దూరిపోయింది. మేడ మీది పిల్లలు కూడా అక్కణ్ణించే నాణెం వదలడానికి ఎప్పుడో పెట్టింది. మేడ మీద అద్దాల గది ఉంది. కప్పు కారితే బాగుచేయించే డబ్బు లేక నాలుగేళ్ళ క్రితం మూసేశారు. గొట్టం సంగతి అందరూ మరిచిపోయారు.

ఎవరో ఒకరు మరిచిపోలేదు.

బావ చెప్పులు విడిచి మెట్లెక్కాడు. ఒక్కో మెట్టు మీద ఆగుతూ… పైన గది తలుపు తాళం తీసి ఉంది. దగ్గరగా వేసి ఉంది. వేలితో నెట్టాడు.

చీకటి. తడిసిన గోడల వాసన.

టార్చి వేశాడు — గది నిండా మనుషులు!

పొట్టివాడొకడు, తాడిలా సాగినవాడొకడు, పొట్ట గుమ్మడికాయలా ఉబ్బినవాడొకడు, తల కింద కాళ్ళు పైన ఉన్నవాడొకడు… అందరూ టార్చిలు పట్టుకుని బావ వైపే చూస్తున్నారు. బావకి గుండె ఆగినంత పనైంది. కాసేపటికి గుర్తొచ్చింది — వంకర అద్దాలు. అందరూ తనే.

చెయ్యి ఎత్తాడు. అందరూ ఎత్తారు. చెయ్యి దించాడు. అందరూ దించారు.

ఒక్కడు ఎత్తనూ లేదు, దించనూ లేదు.

ఒక్కడి చేతిలో టార్చి లేదు. నేల మీద కూర్చుని ఉన్నాడు. తెల్లటి జుట్టు. బావ కదిలినా అతను కదలడం లేదు…

"టార్చి ఆర్పు," అంది ఆ ఆకారం మెల్లిగా. "గేటు దగ్గర ముసలాడు జడుసుకుంటాడు."

ఆ గొంతు బావకి పదహారేళ్ళుగా తెలుసు.

మ్యూజియం కార్యదర్శి. అందరూ పెద్దాయన అంటారు. మ్యూజియం వెనక ఇంట్లోనే ఉంటాడు, తాళంచెవులన్నీ ఆయన దగ్గర ఉంటాయి. హెడ్మాస్టరుగా రిటైరై, జీతం తీసుకోకుండా ఆ సంస్థని నడుపుతున్న మనిషి. ఆయన్ని అనుమానించడమంటే గోడ గడియారాన్ని అనుమానించడమే. ఆయన ఒళ్ళో కాగితం చుట్టిన నాణేల పొట్లం ఉంది.

"సార్… మీరా?"

"కూర్చో. ఇంకా ఇరవై ఎనిమిదున్నాయి."

ఒక నాణెం తీసి గొట్టంలో వదిలాడు. అది కిందికి జారి, బావిలో తిరిగి తిరిగి పడేదాకా ఇద్దరూ విన్నారు.

"ఈ సంస్థకి ఎవరు డబ్బిచ్చినా పేరు రాసి రసీదు ఇవ్వాలి కదా," అన్నాడు పెద్దాయన. "పేరు అడగకుండా వ్యాను పద్దులోకి డబ్బు వెళ్ళే దారి ఈ బావి ఒక్కటే. రాత్రికి ముప్ఫై… ఆరు వందలు. నా పెన్షను. రెండు వందల ఎనభై ఆరు రాత్రులు వేశాను. ఇది కూడా కలుపుకుని ఇంకా పద్నాలుగు వెయ్యాలి. అప్పటికి లక్షా ఎనభై వేలు సరిపోతుంది."

లక్షా ఎనభై వేలు.

"ఆ వోచరు…"

"నేనే కొట్టించాను. ఆ అమ్మాయి సంతకాలు పెట్టిన కట్ట నీ సొరుగులోనే ఉంది కదా."

ఇంకో నాణెం గొట్టంలో జారింది.

"ఎవరికీ నష్టం రానివ్వలేదు," అన్నాడు. "చివరి పైసా దాకా కట్టేస్తున్నాను."

"మరి టీచరమ్మకి?"

 కింద నాణెం ఠంగుమని పడింది.

పదకొండు రోజులు. వరండాలో ఆ మాట అన్నప్పుడు ఆయన తన గది గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. విన్నాడు. లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు. బావకి అదిప్పుడు గుర్తొచ్చి ఒళ్ళు మండిపోయింది.

"ఏం చేశారు సార్ ఆ డబ్బు?"

"పంచాను."

"ఎవరికి?"

"పద్దెనిమిది మందికి. నిరుడు ఎండాకాలం గ్రాంటు మూడు నెలలు ఆగిపోయింది. జీతాలకి ఖాతాలో చిల్లిగవ్వ లేదు. వ్యాను డబ్బు ఇంకే పనికీ ముట్టుకోకూడదని దాతలతో రాసుకున్నాం. ముట్టుకున్నాను. తలా పదివేలు. వ్యాను వాళ్ళ జీతం వేరే పద్దు కాబట్టి ఆ అమ్మాయికి అందులో పైసా రాలేదు." చీకట్లో ఆయన బావ వైపు తిరిగాడు. "మంచంలో ఉన్నావని నీ పదివేలు మీ ఇంటికే పంపాను. జాబితాలో మొదటి పేరు నీదే."

బావకి ఒక పద్దు గుర్తొచ్చింది.

కామెర్లు తగ్గి ఆఫీసుకి వచ్చాక ఆ నెల జీతాల పద్దు అతనే చూశాడు. 'జీతాల నిమిత్తం ఒక శ్రేయోభిలాషి ఇచ్చిన చేబదులు' అని ఉంది. ఎవరా శ్రేయోభిలాషి? అగ్గిపెట్టెకి కూడా లెక్క రాసే మనిషి ఆ ఒక్క ప్రశ్న అడగలేదు. జీతం చేతికి అందింది కాబట్టి అడగలేదు.

"పద్నాలుగు రాత్రులు ఆగు," అంటున్నాడు పెద్దాయన. "తర్వాత చూద్దాం. ఇది బయటపడితే దాతలు ఒక్కరు మిగలరు. మ్యూజియం మూతపడుతుంది. పద్దెనిమిది కుటుంబాలు… మీదీ అందులో ఉంది. ఆ అమ్మాయికి ఇంకోచోట ఉద్యోగం నేనే చూస్తాను."

"దొంగ అన్న పేరుతోనా సార్?"

గొట్టంలో ఇంకో నాణెం జారింది.  బావ లేచి మెట్లు దిగి, ముసలాయన చేత తాళం తీయించుకుని వచ్చేశాడు. వెనకాల ఆ చప్పుడు ఆగలేదట. గర్ర్ర్… గర్ర్ర్ర్…

అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరాడు. మా అక్క తలుపు తీసి, "దొరికిందా నీ దొంగ?" అని అడిగింది.

"ఒకరు కాదు," అన్నాడు బావ. "పందొమ్మిది మంది. వాళ్ళలో ఆవిడ లేదు."

పెద్దాయన చేసినది మంచికే కదా అని కొందరంటారు. నేననను. తన పెన్షనుతో డబ్బు పూడ్చగలిగాడు. ఇంకొకరి సంతకం కింద రాసిన అబద్ధాన్ని ఏ పెన్షనూ పూడ్చలేదు. మా బావనీ నేను వెనకేసుకురాను. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టించుకున్నవాడు తప్పులో సగం అప్పుడే చేసేశాడు.

సోమవారం పదింటికి సమావేశంలో బావ లేచి నిలబడి అంతా చెప్పాడు. ఖాళీ వోచర్ల కట్ట సంగతి ముందు చెప్పాడు, తన పదివేలు తర్వాత, మేడ మీది సంగతి ఆఖర్న. పెద్దాయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "నిజమే," అన్నాడు. 

ట్రస్టీలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దాతలకి ఏం రాయాలి, ఎలా రాయాలి అని గంటసేపు గుసగుసలాడుకున్నారు. చివరికి టీచరమ్మని లోపలికి పిలిచి సంగతి చెప్పి, క్షమాపణ పత్రం ఇస్తామన్నారు.

ఆవిడ కూర్చోలేదు.

"కాగితాలు నాకొద్దండీ. కాగితాలు చూశాను," అంది. "ఈ మాట ఇరవై రెండు బళ్ళకీ పాకింది. నా అన్న కూతురు చదివే బళ్ళో దాన్ని కూడా 'దొంగ మేనకోడలు' అంటున్నారు. ఆ మాట అన్నవాళ్ళే వచ్చి, కాదని చెప్పాలి. ప్రతి బడికీ వచ్చి చెప్పాలి."

మర్నాడు ఆరింటికి వ్యాను బయల్దేరింది. పక్క సీట్లో మా బావ. 

మొదటి బళ్ళో పిల్లలు ఆవరణలో వరసలుగా నిలబడ్డారు. మూడు వందల మంది. పక్కన టీచర్లు. ఆవిడ మైకులో, "ఈ సారు మీకొక సంగతి చెప్పాలని వచ్చారు," అని పక్కకి తప్పుకుంది.

బావ మైకు ముందు నిలబడ్డాడు.  నోరు తెరిచాడు. ఏదో గొణిగాడు. ముందు వరస పిల్లలు మెడలు చాచారు… వాళ్ళకీ వినపడలేదు.

ఆవిడ దగ్గరికి వచ్చి, మైకుకి అరచెయ్యి అడ్డం పెట్టి, చెవిలో మెల్లిగా అంది —

"గట్టిగా చెప్పండి సార్. దొంగ అన్నప్పుడు మీ గొంతు బాగానే ఉంది."